ఆ పెట్టెతో మాట్లాడే హక్కు

ఈ రోజుల్లో మీరు ఫోన్ పట్టుకుని "రేపు వాన పడుతుందా?" అని అడిగితే అది తేనె పూసిన గొంతుతో జవాబిస్తుంది. మీరేమో ఆశ్చర్యం కూడా పడకుండా గొడుగు వెతుక్కుంటారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నాకు అక్కడే ఒళ్లు మండుతుంది. 2012 వానాకాలంలోనే, ఎల్లారెడ్డిలో, ఒక కాలు పొట్టిగా ఉన్న రేకు బల్ల మీద ఒక పెట్టె తెలుగులో మాట్లాడింది. దాన్ని మాట్లాడించింది నేను. సమయానికి దాని నోరు మూయించలేకపోయిందీ నేనే. ఈ రెండింటిలో దేనికి ఎక్కువ గర్వపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అప్పట్లో నేను కామారెడ్డిలో ఒక ధర్మ కంటి దవాఖానకు కంప్యూటర్ మనిషిని. ఈ మధ్యే ఆ కొలువు వదిలేశాను. వయసు రాలేదు గాని, నా నడుము నాకంటే ముందే రిటైరైపోయింది. దానికి కారణం పొద్దున తొమ్మిదింటికి కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే బస్సు. మా దవాఖాన శాఖ ఒకటి ఎల్లారెడ్డిలో ఉండేది. అక్కడ ఏ మౌస్ కదలకపోయినా నన్ను ఆ బస్సు వెనక సీటులో పడేసి పంపేవారు. ఆ సీటులో కూర్చున్నవాడు దారి పొడుగునా గాలిలోనే ఉండేవాడు. టికెట్ తీసుకున్నది కూర్చోవడానికని గుర్తొచ్చేది దిగేటప్పుడే.

ఎల్లారెడ్డి శాఖలో ఒక పెద్ద కంప్యూటర్, దానికి వైర్లతో వేలాడే నాలుగు సీట్లు ఉండేవి. ప్రాణం మొత్తం పెద్దదానిలోనే. సీట్ల ముందున్నవి ఉత్త తెరలు, మీటలు. అందులో నడిచేది లైసెన్సు అడగని, అందరూ కలిసి రాసుకున్న, ఎవరైనా విప్పి చూసుకోగల సాఫ్ట్‌వేర్. ఎవరైనా విప్పి చూడవచ్చు గనుక నేనూ విప్పాను. మళ్లీ బిగించేటప్పుడు ప్రతిసారీ రెండు బోల్టులు మిగిలేవి.

ఇక కౌంటర్ సంగతి. దవాఖానలోకి అడుగు పెట్టగానే ఎదురుగా పేరు రాసే కౌంటర్. అక్కడ కూర్చునే ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. ముందు అయిదేళ్లు అదే కౌంటర్ పక్కన టెలిఫోన్ చూసుకునేది. తర్వాత పేషెంట్ల పేర్లు, ఊళ్లు నోటితో అడిగి పక్కవాళ్లతో రాయించేది. ఆమె చెవి ఎలాంటిదంటే, మెట్ల మీద కర్ర చప్పుడు విని "తాతా, కొత్త కర్ర కొన్నవా?" అని అడిగేది. నేను అతిశయోక్తులు చెబుతానని మా ఇంట్లో ఒక అపవాదు ఉంది గాని, ఇది మాత్రం నా కళ్ల ముందు జరిగింది. తాత నిజంగానే కర్ర మార్చాడు.

కొత్తగా వచ్చిన పేషెంట్లు ఆమెను చూసి ఒక్క క్షణం బిక్కచచ్చిపోయేవారు. ఒకసారి ఒకాయన ఉండబట్టలేక అననే అన్నాడు.

"ఏందమ్మా, కంటి దవాఖానల నీకే కండ్లు రాకపాయె. మాకేం తెప్పిస్తరు?"

ఆమె తల కూడా తిప్పలేదు.

"నాది పుట్టుకతోని వచ్చింది బాపు, తీసుడు ఎవ్వలతోని కాదు. నీది వయసుతోని వచ్చింది, తీస్తే పోతది. ఎడమదా, కుడిదా?"

"కుడిది" అన్నాడాయన, గొంతు తగ్గించి.

అయితే ఆ ఏడాది పేర్లు కాగితం మీద కాకుండా కంప్యూటర్‌లోనే ఎక్కించాలని కామారెడ్డి నుంచి హుకుం వచ్చింది. ఎల్లారెడ్డి శాఖకు ఒక మేనేజర్ సారు ఉండేవారు. చెడ్డ మనిషి కాదు, మీసం కూడా మెత్తగా ఉండేది. కాని ఇద్దరు పేషెంట్లు కౌంటర్‌ను చూసి గుమ్మం నుంచే తిరిగిపోయారని ఆయన మనసులో గట్టిగా పడిపోయింది. నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"తెర చూడలేని మనిషి తెర మీద పనెట్ల చేస్తది చెప్పు? దూది గదిల కూసోబెడ్త. చేతిపని. ఆమెకూ సుఖమే."

దూది గది అంటే వెనకాల, వరండా చివర, దూదిని ఉండలుగా చుట్టే గది. పగలంతా ఒక్క మనిషి గొంతు కూడా వినపడని చోటు. గొంతుల మీదే బతికే మనిషిని అక్కడ కూర్చోబెట్టడమంటే చేపను ఉతికి దండెం మీద ఆరేయడమే. నేను వెంటనే, నాకు సంబంధం లేని విషయంలో, ఛాతీ ఉబ్బించి చెప్పేశాను.

"సార్, ఆమె తెర చూసుడెందుకు? తెరనే ఆమెకు చెప్తది. నెల రోజులియ్యుండి."

"నెల తర్వాత పెద్దసారు వస్తుండు" అన్నారు మేనేజర్. "ఆలోపు అయితే సరే. కాకుంటే ఆయనకే లెటర్ పెడ్త."

పెద్దసారు అంటే దవాఖాన నడిపే ట్రస్టుకు ఛైర్మన్, కామారెడ్డిలో ఉండేవారు. అలా ఆమె కుర్చీకి నెల రోజుల గడువు పడింది. ఆ గడువును నా నోటితో నేనే ఒప్పుకొని వచ్చాను.

ఇక్కడ కొంచెం పని గురించి చెప్పాలి. భయపడకండి, మూడు ముక్కల్లో ముగిస్తాను.

దవాఖానలో డాక్టరు అందరికీ తెలుసు. వెనక గదిలో పొద్దున్నే కత్తెరలు ఉడకబెట్టేవాడు ఎవరికీ తెలియదు. వాడు రాకపోతే డాక్టరు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. కంప్యూటర్‌లోనూ అలా తెర వెనక పనిచేసే వాళ్లుంటారు. వాళ్లను సర్వీసులంటారు. నేను చేయాల్సింది ఒక మాట్లాడే సర్వీసును వెనక నిలబెట్టడం. తెర మీద అక్షరాలు ఏవైనా వస్తే, వాటిని ఇది గొంతుతో పలకాలి.

మరి తెర మీది సంగతి ఆ వెనక గదికి ఎవరు చేరవేస్తారు? దానికి కంప్యూటర్ లోపల చీటీలు మోసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. దాన్ని సందేశాల బస్ అంటారు. అది మా అటెండర్ లాంటిది. ఆయన ఆపరేషన్ గది గుమ్మం దగ్గర ఒక లిస్టు పట్టుకుని నిలబడేవాడు. లిస్టులో పేరు లేనివాణ్ణి లోపలికి పోనిచ్చేవాడు కాదు. ఒక రోజు లిస్టులో తన పేరు రాయడం మరిచిపోయినందుకు డాక్టరునే ఆపేశాడు. "మీరు డాక్టరే సార్, గాని పేరు లేదు" అన్నాడు. సందేశాల బస్ కూడా సరిగ్గా అంతే. ఎవరు ఎవరితో మాట్లాడవచ్చో ఒక చిన్న ఫైలులో రాసి ఉండాలి. రాయకపోతే ఎవరి చీటీ కదలదు. అయ్యా, మూడు ముక్కలూ అయిపోయాయి.

మొదటి వారం పెట్టె పలకలేదు. రెండో వారం పలికింది గాని, నీళ్ల డ్రమ్ములో తలపెట్టి ఎవరో పంచాంగం చదువుతున్నట్టుగా ఉండేది. ఆమెకు తలకు తగిలించుకునే హెడ్‌ఫోన్ తెచ్చాను. ఆమె దాన్ని చేత్తో తడిమి నా ముందుకు తోసేసింది.

"చెవులు మూసుకుంటే నాకింకేం ఉన్నయన్నా? పేషెంటు ఎట్ల మాట్లాడుతుండో, ఎంత దూరం నుంచి వచ్చిండో, భయపడ్తుండో అన్నీ చెవులనే గద చూస్త."

అలా కౌంటర్ మీద స్పీకరు డబ్బా వచ్చింది. ఆమె పేరు, ఊరు, ఏ కన్నో ఎక్కిస్తే డబ్బా తిరిగి చదివేది. తప్పుంటే దిద్దుకునేది. వారంలో ఆమె వేళ్లకు మీటలన్నీ పాఠమైపోయాయి.

కాని అదంతా నా ఖాతాలో. ఆమె సొంత ఖాతా తెరిస్తే వెనక గదికి చీటీ పోవడం లేదు. నా ఖాతాలో పలికేది, ఆమె ఖాతాలో మూగబోయేది. నాకున్న అధికారం ఆమె ఖాతాకు లేదు, అదీ సంగతి. లిస్టులో ఆమె పేరు పద్ధతిగా రాయాలి. దానికి కొంచెం చదవాలి, కొంచెం ఆలోచించాలి. అప్పుడే బయట అయిదు గంటల కామారెడ్డి బస్సు హారన్ కొట్టింది. హారన్ వినపడితే నా ఆలోచన సీటులోంచి లేచిపోయేది. ఆ ఫైలు తెరిచి, ఆమె పేరు రాయాల్సిన చోట "ఎవరైనా సరే" అని అర్థమొచ్చేలా రాసిపారేశాను.

డబ్బా వెంటనే పలికింది. ఆమె మొహం ఎలా వెలిగిందంటే, ఆ పూట ఎల్లారెడ్డికి కరెంటు అవసరం లేకపోయింది. నేను బస్సెక్కి కామారెడ్డి దాకా నిలబడే వచ్చాను. కూర్చుంటే గర్వం నలిగిపోతుందని.

ఇక పెద్దసారు వచ్చే రోజు. మంగళవారం. పేషెంట్లు ఎక్కువ వచ్చే రోజు. పొద్దున్నే నేను దిగగానే మేనేజర్ సారు అడిగారు.

"నా గదిల గూడ ఒక సీటు పెట్టవయ్యా. జల్ది. పెద్దసారు వచ్చేలోపు ఒక పని ఉంది."

ఏం పనో అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ లేదు. కొత్త సీటుకు కొత్త ఖాతా తెరిచి, ఒక్కో అమరికా మొదటి నుంచి సరిచేయాలి. నేనేం చేశానంటే, అన్నీ చక్కగా అమరి ఉన్న కౌంటర్ ఆమె ఖాతాకే నకలు తీసి, పైన మేనేజర్ సారు పేరు తగిలించాను. పది నిమిషాల్లో అయిపోయింది. భేష్ అన్నారు. నేను హాల్లోకొచ్చి టీ పట్టుకుని గోడకు ఆనుకున్నాను.

హాలు నిండా జనం. కొందరికి ఒక కన్నుకు కట్టు, కొందరికి పచ్చ గుడ్డ. కౌంటర్ డబ్బా తన డ్రమ్ము గొంతుతో పని చేసుకుపోతోంది.

"పదిహేడు. పిట్లం. ఎడమ కన్ను."

"పద్దెనిమిది. బీబీపేట. రెండు కళ్లు."

"గౌరవనీయులైన."

నా టీ గొంతులోనే ఆగింది. హాల్లో ఎవరూ పట్టించుకోలేదు.

"పంతొమ్మిది. లింగంపేట. కుడి కన్ను."

"ఛైర్మన్."

"గారికి."

"ఇరవై. నాగిరెడ్డిపేట. ఎడమ కన్ను."

"చూపు లేని."

"మనిషిని."

అప్పుడు నాకు వెలిగింది. ఆమె ఖాతాకు నకలు తీశాను గనుక, తెర మీది ప్రతి మాటనూ చదివి వినిపించే ఏర్పాటు మేనేజర్ సారు సీటుకూ వచ్చేసింది. ఆయన గదిలో స్పీకరు లేదు, తలుపు మూసి ఉంది, కాబట్టి ఆయనకేమీ వినపడదు. లిస్టులో "ఎవరైనా సరే" అని రాశాను గనుక, ఆయన చీటీలను కూడా అటెండర్ అడ్డుపడకుండా మోసుకొచ్చి ఇక్కడ ఈ డబ్బాకు ఇస్తున్నాడు. సారు ఒంటి వేలితో కొట్టేవారు. అందుకే ఒక్కో మాట వంకాయ కూరలో నూనె తేలినట్టు నింపాదిగా తేలుతోంది.

"ఇరవై ఒకటి. పిట్లం. కుడి కన్ను."

"ముందు."

"కూర్చోబెడితే."

ముందు వరుసలో, కుడి కన్నుకు కట్టుతో, పిట్లం నుంచి వచ్చిన ఒక తాత తల ఎత్తాడు.

"గిదేంది బిడ్డా, మీ డబ్బ ఏమో మధ్యల మధ్యల అంటుంది. కూసోబెడ్తే అంటుంది. ఎవలను కూసోబెడ్తే?"

"పేషెంట్లు" అంది డబ్బా. ఊపిరి తీసుకున్నంత సేపు ఆగి, "భయపడుతున్నారు" అంది.

హాలంతా డబ్బా వైపు తిరిగింది. తర్వాత బీబీపేట అవ్వ ఒకామె గట్టిగా అడిగింది.

"ఎవలు భయపడ్డరు? నువ్వు భయపడ్డవా తాతా?"

"నాకు నా కోడలొక్కతంటెనే భయం."

"కావున" అంది డబ్బా. "ఆమెను." "కౌంటర్." "నుంచి." "తీసి."

నేను డబ్బా వైరు పీకడానికి ఉరికాను. ఉరికానంటే, చేతిలోని టీ ముగ్గురి మీద సమానంగా పంచుతూ ఉరికాను. అప్పటికే డబ్బా "దూది గదికి" అనేసింది. నేను వైరు పీకేశాను.

ఆమె చేతులు మీటల మీద అలాగే ఉన్నాయి. మొహం కూడా కదలలేదు. పెదవులు మాత్రం ఒకసారి తడుపుకుంది.

హాలు ఒక్కసారిగా లేచింది. "ఎవడు రాస్తుండు?" అని ఒకరు, "దూది గదేంది?" అని ఒకరు. పిట్లం తాత కర్ర ఎత్తాడు. ఎటు చూపించాలో తెలియక దవాఖాన పైకప్పుకే చూపించాడు.

"కూసోండి తాతా" అందామె. గొంతు పెంచలేదు. "కన్నుకు కట్టుంది. ఆవేశపడ్తే కుట్లు గుంజుతయి."

కూర్చున్నారు. ఆమె నా వైపు తిరిగింది. నేనెక్కడున్నానో టీ వాసనను బట్టి తెలుసుకుందనుకుంటాను.

"అన్నా, గది మేనేజర్ సారు రాస్తున్నదే గద?"

"అవును చెల్లె. తప్పు నాది. మిగతాది వినాలంటే వైరు మల్ల పెడ్త."

అన్నాను గాని, ఎందుకన్నానో ఇప్పటికీ సిగ్గే. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దు. నా ముంగట చెప్పని మాట నేను దొంగతనంగ వినొద్దు. నాకొక్క పని చెయ్యి. నా డబ్బతోని నేనొక్కదాన్నే మాట్లాడాలె. ఇంకెవ్వలు మాట్లాడొద్దు. మేనేజర్ సారైనా, నువ్వైనా, పెద్దసారైనా. చేస్తవా?"

ఆ మాట విని నేను నివ్వెరపోయాను. ఆ ఏర్పాటు తయారుచేసిన వాళ్లు ఎక్కడో ఏ దేశంలోనో కూర్చుని పుస్తకమంత రాసిన సూత్రాన్ని, ఈమె కంప్యూటర్ పాఠం ఒక్కటీ చదవకుండా రెండు వాక్యాల్లో చెప్పేసింది. నేను ఆ పుస్తకం చదవాల్సిన రోజున బస్సెక్కాను.

పెద్ద కంప్యూటర్ కౌంటర్ వెనక బల్ల కిందే ఉండేది. దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. "ఎవరైనా సరే" కొట్టేశాను. ఆమె పేరు, ఆమె పేరొక్కటే, రాశాను. మిగతా అందరికీ "వద్దు". నా పేరుకు కూడా. ఫైలు సేవ్ చేసి, "లిస్టుల నీ పేరొక్కటే రాసిన చెల్లె" అన్నాను.

ఇక్కడితో లేచి చేతులు దులుపుకుంటే అయిపోయేది. మారిన లిస్టును ఆ బస్ తనంతట తానే చూసుకుంటుందట. ఆ సంగతి నాకు మూడు నెలల తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం, కొత్త లిస్టు చేతికివ్వాలంటే అటెండర్ను ఇంటికి పంపి మళ్లీ పిలవాలి కాబోలనుకుని, బస్‌నే ఆపి మళ్లీ మొదలుపెట్టాను.

తమ్ముళ్లూ, నడుస్తున్న కంప్యూటర్‌లో ఆ బస్‌ను ఆపడమంటే, చెట్టుకొమ్మ కొస వైపు కూర్చుని దాని మొదలు నరుక్కోవడం. అయిదు తెరలూ ఒక్కసారే నల్లబడ్డాయి. అందరి పనీ ఊడిపోయి, మళ్లీ పేరు, రహస్య పదం అడిగే మొదటి తెర వచ్చి నిలబడింది. సరిగ్గా అప్పుడే బయట జీపు ఆగింది. పన్నెండుకు రావాల్సిన పెద్దసారు పదకొండున్నరకే దిగారు.

నేను పరుగున వైరు తగిలించాను. డబ్బా పలకలేదు. బస్‌తో పాటే మాట్లాడే సర్వీసూ చచ్చిపోయింది. బస్ తిరిగి లేచింది గాని, "బస్ లేచాక నువ్వూ లే" అని ఆ సర్వీసుకు నేనెప్పుడూ రాసిపెట్టలేదు. కత్తెరలు ఉడకబెట్టేవాడికి పనివేళలు చెప్పకుండా డాక్టరును రమ్మన్నట్టు.

"చెల్లె, డబ్బ పడిపోయింది" అన్నాను బల్ల కింద నుంచి.

"ఎంత సేపు?"

"ఇరవై నిమిషాలు."

"సరే, నువ్వు కానియ్యి" అందామె. "తాతా, నీ వెనక ఎవరున్నరు? రమ్మను."

బల్ల కింద ఉన్న నాకు ఆమె వేళ్లు వినపడుతున్నాయి. పేరు కొట్టింది. రహస్య పదం కొట్టింది. కింది బాణం మూడుసార్లు, ఎంటర్ రెండుసార్లు. ఏ గొంతూ తోడు లేకుండా, చీకట్లో సొంత ఇంటి మెట్లు ఎక్కినట్టు, పేర్ల తెర దాకా వెళ్లిపోయింది. "ఊరు? ఏ కన్ను? ఎన్ని రోజులాయె?" వేళ్లు ఆగలేదు. నేను మాత్రం ఇరవై నిమిషాల్లో ఇరవై ఏళ్ల చెమట కార్చాను.

పెద్దసారు హాల్లోకి వచ్చి ఎవరినీ పలకరించకుండా వరుసలో నిలబడ్డారు. మనిషి సరదా మనిషి. వంతు రాగానే గొంతు కాస్త బొంగురు చేసుకున్నారు.

"నాది బీబీపేట. కుడి కన్ను మసక."

వేళ్లు ఆగాయి. నా గుండె కూడా.

"గీ గొంతు బీబీపేటది కాదు సార్" అందామె. "కామారెడ్డిది. అయిదేండ్లు ఫోన్ల విన్న. వారానికోసారి 'మేనేజర్‌కియ్యమ్మా' అంటది. కన్ను నిజంగనే మసకుంటె రాస్త. లేకుంటె వెనకోళ్లకు తొవ్వియ్యుండి, వాళ్లు పొద్దటి నుంచి నిలబడ్డరు."

పెద్దసారు నవ్విన నవ్వుకు పచ్చ గుడ్డలు ఎగిరాయి. కొంచెం ఎక్కువ చెప్పానా? సరే, రెండు ఎగిరాయి.

అప్పుడే నేను రాయాల్సిన ఒక్క వరుస రాసేశాను. బస్ తర్వాత నువ్వు లేవాలి, పడిపోతే మళ్లీ నీ అంతట నువ్వే లేవాలి. డబ్బా గొంతు సవరించుకుంది. ఆమె ఒక మీట నొక్కింది. గొంతు లేకుండా ఎక్కించిన తొమ్మిది పేర్లూ, ఊళ్లూ, కళ్లూ డబ్బా వరుసగా చదివింది. ఒక్కో పేరుకూ ఒక్కో పేషెంటు "ఆ, నేనే" అని చేయి ఎత్తాడు. ఒక్కటీ తప్పు పోలేదు. పెద్దసారు చూస్తూ నిలబడిపోయారు.

ఇక అక్కడితో మంగళం పాడవచ్చు. కాని అంత సేపూ మాయమైన లెటర్ కోసం తెరతో కుస్తీ పట్టిన మేనేజర్ సారు గది తలుపు భళ్లున తెరుచుకుంది. పెద్దసారు వచ్చారని ఆయనకు తెలియదు. నన్ను చూస్తూనే అరిచారు.

"ఎవడయ్యా బంద్ చేసింది? నా లెటర్ ఏది? గంట సేపు కొట్టిన!"

 పిట్లం తాత కర్ర ఆనించుకుని నిదానంగా లేచాడు.

"మా దగ్గర ఉంది సారూ. నోటికొచ్చింది. మొదటి నుంచి చెప్పమంటవా?"

మేనేజర్ సారు మొహంలో రక్తం మీసాల్లోకి దిగిపోయింది. అప్పుడు ఆయనకు పెద్దసారు కనపడ్డారు.

"ఏం లెటర్?" అని అడిగారు పెద్దసారు.

అవ్వ నోరు తెరిచింది. తాత నోరు తెరిచాడు. ఆమె వాళ్లిద్దరి కంటే ముందు మాట్లాడింది.

"మా మేనేజర్ సారు ఇయ్యాలనే కంప్యూటర్ మొదలువెట్టిండు సార్. సేవ్ చేసుడు మరిచిండు. కొత్తల నాకూ గట్లనే అయింది." తర్వాత మేనేజర్ సారు వైపు తిరిగి, "మల్ల రాసుకోండి సార్, కావాలంటె. గీ సారి సేవ్ చేసుకోండి" అంది.

ఆ "కావాలంటె" అన్న మాటను ఆమె ఎంత నెమ్మదిగా అందో! మేనేజర్ సారు ఆ లెటర్ మళ్లీ రాయలేదు. ఆ రోజే కాదు, ఎన్నడూ. పెద్దసారు జీపెక్కుతూ "ఆ కౌంటర్ అట్లనే ఉండనియ్యి" అని ఒక్క ముక్క చెప్పి పోయారు. మరుసటి మంగళవారం నేను వెళ్లేసరికి, గుమ్మం దగ్గర బిక్కచచ్చి నిలబడ్డ ఒక కొత్త పేషెంటును మేనేజర్ సారే చేయి పట్టి కౌంటర్ దగ్గరికి తీసుకొస్తున్నారు. "భయపడకు, గీమె గొంతు విని రోగం చెప్తది" అంటున్నారు. నాకంటే ఎక్కువ కోతలు కోసే మనిషిని నేను చూసింది ఆ ఒక్కసారే.

పెద్దసారు వచ్చిపోయిన రోజు సాయంత్రం అయిదు గంటల బస్సు హారన్ కొట్టింది. నేను లేవలేదు. మీరు నమ్మకపోయినా సరే, నా ఉద్యోగ జీవితంలో అదొక్కటే నేను కావాలని వదిలేసిన బస్సు. ఆమె అడిగింది.

"అన్నా, లిస్టుల నా పేరు రాసిన అంటివి గద. నిజంగ రాసినవా?"

"రాసిన."

"నాకు చదివించు."

ఆ ఫైలు ఆమె తెర మీద తెరిచాను. డబ్బా చదవడం మొదలుపెట్టింది. దాంట్లో సగం గుర్తులు, సగం ఇంగ్లిష్. అడ్డగీతలు, కొక్కేలు, ఈక్వల్ టూలు అన్నీ ఒక్కొక్కటిగా, డ్రమ్ములో పంచాంగంలా చదివింది. అంతా అయ్యాక చివర ఆమె పేరు పలికింది. ఇంటి పేరుతో సహా.

ఆమె మీట నొక్కి ఆ ఒక్క వరుస మళ్లీ చదివించుకుంది. మళ్లీ ఇంకోసారి.

"రేషన్ కార్డుల నా పేరు చివరికి ఉంటది" అంది. "ఇంటి కాగితంల ఉండనే ఉండదు. గీ కాగితంల మాత్రం నా పేరొక్కటే ఉంది."

"నా పేరు గూడ లేదు" అన్నాను.

"నువ్వు గూడ నా డబ్బతోని మాట్లాడలేవా?"

"లేను. కావాలంటె చూడు."

నా ఖాతాలోకి వెళ్లి నమస్తే అని కొట్టాను. డబ్బా ఉలకలేదు, పలకలేదు. తెర మీద "అనుమతి లేదు" అని ఎర్రగా వచ్చింది. ఎన్ని కంప్యూటర్లు ఎన్నిసార్లు నన్ను కాదన్నాయో లెక్కే లేదు. ఆ ఒక్కసారి మాత్రం, నమ్మండి, మీసం మెలేశాను.